సందె చీకటిని చెరపకుండా గుడ్లగూబను చూపించడం ఎలా?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ ఊరి చెరువు కట్ట మీది చింతచెట్టు తొర్రలో ఒక పైడికంటి (చిన్న గుడ్లగూబ) జంట ఉంది. ఊరి వెనుక పనులు ఆగిపోయిన రాతి క్వారీలో, తల మీద కొమ్ముల్లా ఈకలు నిలబడే పెద్ద గుడ్లగూబ ఒకటి కనిపిస్తోంది. క్రాప్ సెన్సర్ (పూర్తి ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కెమెరాకు 150-600 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, రెండింటినీ పొద్దుగూకిన తరువాత 1/500 సెకను షట్టర్ వేగంతో, 12800 ఐఎస్‌ఓతో (పడిన కాంతిని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) తీశారు. ఫొటోలు చీకటిగా, నాయిస్‌తో, అంటే ఇసుక చల్లినట్లు కనిపించే చుక్కలతో, నిండి వచ్చాయి. కంప్యూటర్‌లో వెలుతురు పెంచి నాయిస్ తీసివేస్తే ఈకలు మైనం పూసినట్లు తయారయ్యాయి, కళ్ళు మాత్రం బల్బుల్లా వెలుగుతున్నాయి. తప్పు ఎక్కడ జరిగింది, ఏ సాఫ్ట్‌వేర్ కొంటే బాగుపడుతుంది అని అడిగారు.

ఇప్పుడు మీరు కొనవలసినది ఏదీ లేదు. తప్పు రెండు చోట్ల జరిగింది. కదలకుండా కూర్చున్న పక్షికి ఎగిరే పక్షికి వాడే షట్టర్ వేగం వాడారు, అది మొదటిది. సందెవేళ చూసిన దృశ్యాన్ని ఎడిటింగ్‌లో మధ్యాహ్నంగా మార్చాలని ప్రయత్నించారు, అది రెండవది. నా దృష్టిలో రెండవదే పెద్ద తప్పు. గుడ్లగూబ ఫొటోను దిద్దేటప్పుడు మన పని ఆ వేళ మన కంటికి కనిపించినదాన్ని తిరిగి తెచ్చుకోవడం వరకే. ఆ వేళ కనిపించని వివరాన్ని పుట్టించబోయినప్పుడే మైనపు ఈకలు, బల్బు కళ్ళు వస్తాయి.

మొదట లెక్క చూద్దాం. 1/500 నుంచి 1/250కి, అక్కడి నుంచి 1/125కి, ఆ తరువాత 1/60కి దిగితే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి రెట్టింపవుతుంది). అంటే సెన్సర్ మీద పడే కాంతి ఎనిమిది రెట్లవుతుంది, అదే ఎక్స్‌పోజర్ (ఫొటోకు వచ్చే వెలుతురు) 12800కు బదులు 1600 ఐఎస్‌ఓతో వస్తుంది. మీ ఫొటోలు చీకటిగా ఉన్నాయన్నారు కనుక 1600 దగ్గర ఆగకుండా 3200 పెట్టండి. అప్పుడు ఫొటో ఒక స్టాపు వెలుతురుగా వస్తుంది, నాయిస్ కూడా మునుపటి కంటే చాలా తక్కువగా ఉంటుంది. గుడ్లగూబ కూర్చుంటే శిలలా కూర్చుంటుంది. కొంగనో పిచ్చుకనో తీసేవారికి దొరకని అవకాశం ఇది. గట్టి ట్రైపాడ్ మీద, చేయి తగలకుండా రెండు సెకన్ల టైమర్‌తోనో రిమోట్‌తోనో తీస్తే 1/30 వద్ద కూడా కనురెప్ప అంచు వరకు స్పష్టంగా వచ్చిన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఇరవై తీస్తే అయిదో ఆరో అలా వస్తాయి, మిగిలినవి తల కదిలి చెడిపోతాయి. ఆ అయిదు చాలు. పాత లెన్సు అయితే ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు వణుకును సరిచేసే స్విచ్ ఆపివేయండి, లేకపోతే అదే వణుకు పుట్టిస్తుంది.

అపర్చర్ (కాంతిని లోపలికి వదిలే లెన్సు రంధ్రం) మూయవలసిన అవసరం కూడా లేదు. మీ కెమెరాలో 600 మిల్లీమీటర్ల వద్ద, 20 మీటర్ల దూరంలోని పక్షికి ఎఫ్/6.3 పెట్టినా ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు పావు మీటరు ఉంటుంది. పైడికంటి పొడవే 21 సెంటీమీటర్లు. కంటి మీద ఫోకస్ చేస్తే తోక వరకు సరిపోతుంది. అంత దూరం నుంచి పక్షి చిన్నగా పడుతుందన్న భయం కూడా అక్కరలేదు. ఆ లెక్కన సెన్సర్ మీద దాని ప్రతిబింబం సుమారు 6.3 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే అడ్డంగా పట్టిన ఫ్రేములో దాదాపు 40 శాతం ఎత్తు. ఇంతకంటే దగ్గరకు వెళ్ళి సంపాదించేది ఏమీ ఉండదు, పోగొట్టుకునేది మాత్రం చాలా ఉంటుంది.

మీరు పంపిన ఫొటోల్లో నన్ను బాధపెట్టినది నాయిస్ కాదు. చింతచెట్టు మీది పైడికంటి రెండు కళ్ళూ గుండ్రంగా తెరిచి, ఒంటి ఈకలను దగ్గరకు లాక్కొని, సన్నగా నిటారుగా అయిపోయి నేరుగా లెన్సులోకి చూస్తోంది. చాలామంది దీన్ని మంచి చూపు అనుకుంటారు. అది బెదిరిన చూపు. ఒంటిని సన్నగా చేసుకొని చెట్టు మానులో కలిసిపోవాలని ప్రయత్నించడం, తలను పైకీ కిందికీ ఊపుతూ మనల్ని కొలవడం, పెద్ద గుడ్లగూబ అయితే కొమ్ము ఈకలను నిక్కబొడిచి చూడడం, ఇవన్నీ మీరు ఎక్కువ దగ్గరకు వచ్చారని అది చెప్పే మాటలే. నిశ్చింతగా ఉన్న గుడ్లగూబ ఒంటి ఈకలు వదులుగా ఉబ్బి ఉంటాయి, కళ్ళు సగం మూసి ఉంటాయి, ఒక్కోసారి ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. పగటిపూట తీసిన ఫొటోలో సగం మూసిన కళ్ళు ఉన్నాయంటే ఆ ఫొటో తీసినవాడికి తన హద్దు తెలుసునని నేను మెచ్చుకుంటాను. అటువంటి ఫొటోను బాగులేదని పక్కన పెట్టకండి.

ఈ సంగతి నాకు మొదట్లో తెలియదు. చాలా ఏళ్ళ కిందట ఒక గుట్ట మీద, బండ కింది అరుగులాంటి చోట పగటి నిద్రలో ఉన్న పెద్ద గుడ్లగూబను ఇంకొంచెం దగ్గరగా తీయాలని రాళ్ళ మీదుగా పాకుతూ పోయాను. అది లేచి ఎండలోకి ఎగిరింది. నిమిషం గడవకముందే కాకులు చూశాయి, ఒకటి రెండు అయ్యాయి, రెండు పది అయ్యాయి. గుట్ట నుంచి గుట్టకు తరుముతూ, తల మీద పొడుస్తూ అరగంట సేపు దాన్ని నిలువనీయలేదు. మరునాడు, ఆ తరువాతి వారం వెళ్ళి చూసినా ఆ అరుగు ఖాళీగానే ఉంది. ఆ రోజు తీసిన ఫొటోలను నేను ఎవరికీ చూపించలేదు. పగటిపూట గుడ్లగూబను లేపితే కాకులు, డేగలు దాని వెంట పడతాయి. మీరు క్వారీకి వెళ్ళేది ఈ మాట మనసులో పెట్టుకొనే వెళ్ళండి.

క్వారీ విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఆ పెద్ద గుడ్లగూబ గూడు కట్టదు. రాతి గోడ మీది అరుగులోనో, బండ కింది నేల మీదనో ఊరికే గుడ్లు పెడుతుంది. మన దక్కన్‌లో అది ఎక్కువగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు జరుగుతుంది. ఆ నెలల్లో క్వారీ లోపలికి దిగకండి. గుడ్ల మీది నుంచి తల్లి లేచిపోతే, ఎండకు కాలుతున్న రాతి మీద ఆ గుడ్లు ఎంతోసేపు నిలవవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లకు హాని చేయడం, గుడ్లనూ గూళ్ళనూ కదిలించడం చేరి ఉన్నాయి. పైడికంటి సుమారుగా నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య గుడ్లు పెడుతుంది కనుక చింతచెట్టు తొర్రకూ ఇదే నియమం. తొర్రలోకి టార్చి వేయడం, కర్రతో కొట్టి బయటికి రప్పించడం, ఫోనులో దాని కూత వినిపించి పిలవడం, ఎలుకను దారానికి కట్టి ఎర వేయడం, వీటిలో ఏ ఒక్కటీ చేయకండి. కూత వినిపిస్తే వేరే గుడ్లగూబ తన హద్దులోకి వచ్చిందనుకొని అది వేట మానుకొని మీ ఫోను చుట్టూ తిరుగుతుంది. ఫ్లాష్ కూడా వద్దు. వాటి కన్ను మసక వెలుతురులో చూడడానికి అమరిన కన్ను. ఆ వేళ కళ్ళలోకి మెరుపు కొట్టి తీసిన ఫొటోలో కళ్ళు ఎలాగూ నిర్జీవంగానే కనిపిస్తాయి.

మరి ఏం చేయాలి? సందెతో కుస్తీ పట్టడానికి బదులు, ఈ శీతాకాలంలో ఉదయం వెళ్ళండి. పైడికంటి జంట చలికాలపు పొద్దున తొర్ర వాకిట్లోనో, పక్క కొమ్మ మీదనో కూర్చొని చాలాసేపు ఎండ కాచుకుంటుంది. జనవరిలో మన వైపు 6.45 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, చెరువు కట్ట మీద మంచు విడిపోయి ఎండ కొమ్మల్లోకి దిగేసరికి ఏడున్నర అవుతుంది. అప్పటి నుంచి గంట సేపు పసుపు ఛాయతో, ఏటవాలుగా పడే మెత్తని వెలుతురు ఉంటుంది. 400 ఐఎస్‌ఓ సరిపోతుంది. మీరు ఎడిటింగ్‌లో వెతుకుతున్న ఈకల వివరం, కనుబొమల తెలుపు, నుదుటి మీది చిన్న చిన్న చుక్కలు అప్పుడు కెమెరాలోనే దొరుకుతాయి. పొద్దు పొడవకముందే వెళ్ళి, ఇరవై మీటర్ల దూరంలో, తూర్పు మీ వీపు వైపు ఉండేలా కూర్చోండి. లేచి చెట్టు చుట్టూ తిరగకండి. గుడ్లగూబ కనుగుడ్డు మనదిలా గుంటలో తిరగదు. ఆ లోటు తీర్చుకోవడానికే దానికి మెడలో పద్నాలుగు వెన్నుపూసలు ఉన్నాయి, తలను 270 డిగ్రీల దాకా తిప్పగలదు. వీపు మీ వైపు ఉన్నా సరే, ఓపిక పడితే ముఖం తనంతట తానే మీ వైపు తిరుగుతుంది. కారు కట్ట మీదికి వెళ్ళగలిగితే దిగకుండా కిటికీ మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద లెన్సు ఆనించి తీయడం అన్నిటికంటే మంచిది. మనిషి ఆకారానికి బెదిరినట్లు అవి ఆగి ఉన్న బండికి బెదరవు.

చప్పుడు గురించి కూడా చెప్పాలి. కొట్టాల్లో, పాత గుళ్ళలో ఉండే తెల్లటి ముఖపు గుడ్లగూబకు కుడి చెవి, ఎడమ చెవి ఒకే ఎత్తులో ఉండవు. ఆ తేడా వలన శబ్దం ఏ దిక్కు నుంచే కాదు, ఎంత ఎత్తు నుంచి వచ్చిందో కూడా దానికి తెలుస్తుంది, అందువలననే చిమ్మచీకటిలో సైతం ఎలుకను పట్టగలుగుతుంది. అటువంటి చెవులు గల జాతి ఎదుట వరుసగా పది ఫొటోల టకటకలు మోగించడం సరికాదు. మీ కెమెరాలో శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటే అదే వాడండి. కూర్చున్న పక్షికి దానితో నష్టం లేదు. ఒక్క చోట మాత్రం అది చిక్కు తెస్తుంది. వీధి దీపం దగ్గరకు పురుగుల కోసం వచ్చే పైడికంటిని తీసేటప్పుడు ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫొటోలో అడ్డచారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. అక్కడ మామూలు షట్టర్‌తో 1/100 లేదా 1/50 పెట్టుకోండి. వీధి దీపపు ఫొటోలను చిన్నచూపు చూసేవారు ఉన్నారు. నాకు మాత్రం అవి ఇష్టం, అక్కడ గుడ్లగూబ మనుషుల మధ్య ఎలా బతుకుతోందో నిజంగా కనిపిస్తుంది.

క్వారీ గుడ్లగూబకు వేరే పద్ధతి పాటించాలి. పొద్దుగూకిన కాసేపటికి అది పైబండ మీదికి వచ్చి, గొంతు ఉబ్బించి లోతుగా రెండు మాత్రల కూత కూస్తుంది. ఆ సమయంలో పడమటి ఆకాశం ఇంకా ఎర్రగానో ఊదాగానో ఉంటుంది. మీరు ఒంటి ఈకలు కనబడాలని ఎడిటింగ్‌లో ఎక్స్‌పోజర్ పెంచడం వలన ఆకాశం తెల్లకాగితం అయిపోయింది, పక్షి అయినా బాగుపడలేదు. నేనైతే ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టి పక్షిని నల్లని రూపంగానే వదిలేస్తాను. కొమ్ముల ఈకలు, వంగిన ముక్కు, బండ అంచు, ఇంతకు మించి ఆ వేళ మనిషి కంటికి కనిపించదు. పగటి నుంచే అక్కడ ఉంటే ఇంకొకటి గమనిస్తారు. ఎండకు కాగిన రాళ్ళు పొద్దుగూకాక కూడా సెగ వదులుతూనే ఉంటాయి. దూరం నుంచి రాళ్ళ మీదుగా చూసే లెన్సుకు ఆ సెగ వలన బొమ్మ నీళ్ళలో చూసినట్లు వణుకుతుంది. అలా మెత్తబడిన ఫొటోను ఏ ఎడిటింగూ బాగుచేయలేదు. రాళ్ళు చల్లబడే చలికాలంలోనో, చినుకు పడిన మరునాడో వెళ్ళి, క్వారీ లోపలికి దిగకుండా దూరం నుంచే తీయండి.

ఫోకస్ కూడా ఆ వేళ సొంతంగా దొరకదు. లెన్సు ముందుకూ వెనక్కూ వెతుకుతూ ఉంటే ఆటోఫోకస్ ఆపి, వెనుక తెరపై బొమ్మను పది రెట్లు పెద్దదిగా చేసుకొని, కనుపాప నలుపూ చుట్టూ ఉన్న పసుపూ కలిసే అంచు మీద చేత్తో ఫోకస్ చేయండి. పైడికంటికి పసుపు, ఈ పెద్ద గుడ్లగూబకు నారింజ రంగు కళ్ళు కనుక ఆ అంచు స్పష్టంగా దొరుకుతుంది. తెల్లటి ముఖపు గుడ్లగూబకు కన్నంతా నలుపే, దానికి ముక్కు మొదలు మీద ఫోకస్ చేసుకోవాలి.

ఇక ఎడిటింగ్. మీరు జేపెగ్‌లో తీశారో రా (కెమెరా దిద్దని ముడి ఫైలు)లో తీశారో రాయలేదు. రాలో తీయండి. జేపెగ్‌లో నాయిస్ తీసే పని కెమెరా ముందే చేసేసి ఉంటుంది, దాని మీద మళ్ళీ మీరు చేస్తే మైనం కాక మరేం మిగలదు. మీ మిత్రుడి దగ్గర ఉన్నదన్న నికాన్ పీ900 కెమెరాలో రా సదుపాయం లేదు, తరువాత వచ్చిన పీ950లో ఉంది. రెండింటి సెన్సర్లూ చిన్నవే కనుక 800 ఐఎస్‌ఓ దాటకుండా ఉండడం మంచిది.

మీరు అడగని ఒక పద్ధతి గురించి ఇక్కడ కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే గుడ్లగూబకు ఇంతగా కుదిరే పద్ధతి మరొకటి లేదు. నాయిస్ అనేది ప్రతి ఫొటోలో వేరు వేరు చోట్ల పడుతుంది, పక్షి ఈక మాత్రం ప్రతి ఫొటోలో అదే చోట ఉంటుంది. పక్షి కదలకుండా ఉన్నప్పుడు ఒకే ఫ్రేములో వరుసగా తొమ్మిది ఫొటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా అమర్చి సగటు తీస్తే, ఈక నిలబడుతుంది, నాయిస్ మూడో వంతుకు పడిపోతుంది. నాలుగు ఫొటోలైతే సగానికి, పదహారైతే నాలుగో వంతుకు. ఎన్ని ఫొటోలో వాటి వర్గమూలం లెక్కన తగ్గుతుందన్న మాట. ఫొటోషాప్‌లో ఆ ఫొటోలను పొరలుగా తెరిచి, ఆటో అలైన్ చేసి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, స్టాక్ మోడ్‌లో మీన్ గాని మీడియన్ గాని ఎంచుకుంటే పని పూర్తవుతుంది. గాలికి ఆకులు కదిలి ఉంటే అవి అలికినట్లు అవుతాయి. అప్పుడు పక్షి వరకు ఈ సగటు ఫొటోను, మిగతా చోట్ల ఒక్క ఫొటోను మాస్క్‌తో (ఎంచుకున్న చోట మాత్రమే కనిపించేలా చేసే పొర) కలపండి. మధ్యలో కన్నార్పిన ఫొటోను ముందే తీసివేయండి. మూడో రెప్ప నీలం కలిసిన తెల్లని పొరలా కంటి మీద పడినప్పుడు తీసిన ఫొటో ఒక్కటి కలిసినా కన్ను మసకబారుతుంది. ఈ పద్ధతిలో వచ్చిన ప్రతి గీతా ఆ పక్షి ఒంటి మీద నిజంగా ఉన్నదే, అందుకే నాకు దీని మీద అంత గురి.

కృత్రిమ మేధతో నాయిస్ తీసే సాధనాల సంగతి వేరు. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌ సాఫ్ట్‌వేర్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన డీనాయిస్ గాని, అటువంటి ఇతర సాఫ్ట్‌వేర్లు గాని మంచివే, నేనూ వాడతాను. కానీ వివరం లేని చోట అవి వివరాన్ని ఊహించి నింపుతాయి. పెద్ద గుడ్లగూబ రొమ్ము మీద నిలువుగా ముదురు చారలు, వాటికి అడ్డంగా వెంట్రుకంత సన్నని గీతలు ఉంటాయి. ఆ సన్నని గీతలు చెరిగి ఒకే రంగు పట్టీగా మారాయంటే మీరు హద్దు దాటారు. పైడికంటికి నుదుటి చుక్కలే గుర్తు. విడివిడిగా ఉండవలసిన చుక్కలు కలిసిపోతే వెనక్కు రండి. డీనాయిస్‌లో అమౌంట్ (ఎంత నాయిస్ తీయాలో చెప్పే స్లైడర్) సాధారణంగా 50 దగ్గర మొదలవుతుంది. నేను 25కూ 40కీ మధ్య ఆగుతాను. డబ్బు పెట్టనవసరం లేని డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కెమెరా ప్రొఫైల్‌ను బట్టి నాయిస్ తీసే మాడ్యూల్ ఉంది, ఓపికగా వాడితే అది మీ అవసరానికి పూర్తిగా చాలుతుంది. ఏ సాధనమైనా రంగు మచ్చల నాయిస్‌ను పూర్తిగా తీసివేయండి, ఇసుక రేణువుల్లా కనిపించే నాయిస్‌ను కొంత ఉంచండి. సందెవేళ ఫొటోకు ఆ గరుకు అందంగానే ఉంటుంది, ఈక గరుకు అందులో కలిసి నిలబడుతుంది.

వెలుతురు పెంచడం ఒకటి, ఒకటిన్నర స్టాపు దగ్గర ఆపండి. పెంచిన తరువాత బ్లాక్స్‌ను (ఫొటోలోని అతి ముదురు భాగాలను) కొంచెం కిందికి దించండి, నీడలను నీడలుగా వదిలేయండి. మీ ఫొటోలో చెట్టు మాను వెనుక చీకటిని కూడా బూడిద రంగు వచ్చేలా లాగారు. అక్కడ చూడదగినది ఏదీ లేదు, పక్షి మీది చూపును అది లాక్కుంటోంది. నేపథ్యం పక్షి కంటే ఒక స్టాపు తక్కువగా ఉంటే కన్ను తనంతట తానే పక్షి దగ్గరకు వెళుతుంది. రంగు విషయంలో ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా రంగును తనంతట తానే సరిచేసే పద్ధతిని) నమ్మకండి. అది సందె నీలాన్ని లోపంగా భావించి చెరిపేస్తుంది. 5000, 5500 కెల్విన్ల మధ్య ఉంచి, కనుబొమల తెలుపు కాస్త నీలంగా కనిపించినా అలాగే వదిలేయండి. ఆ వేళ తెలుపు అలాగే ఉంటుంది.

మాస్క్ వేసేటప్పుడు అంచు జాగ్రత్త. గుడ్లగూబ రెక్క అంచున ఈకలు దువ్వెన పళ్ళలా, కుచ్చులా విడివిడిగా ఉంటాయి, చప్పుడు లేకుండా ఎగరడానికి అవి తోడ్పడతాయి. ఒళ్ళంతా కూడా మెత్తని నూగు ఈకలే. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎంచిన పక్షి ఆకారపు అంచు గట్టి గీతలా ఉంటుంది, దాన్ని అలాగే వాడితే పక్షి కాగితం కత్తిరించి అతికించినట్లు కనిపిస్తుంది. అంచును మెత్తగా చేయండి. షార్పెనింగ్ రేడియస్ 0.8 నుంచి 1 వరకు చాలు. మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ మీట నొక్కి పట్టి జరుపుతుంటే తెర నలుపు తెలుపుగా మారుతుంది. కళ్ళు, ముక్కు, ముఖం చుట్టూ వలయం తెల్లగా మిగిలి, నేపథ్యమంతా నల్లబడే చోట ఆపండి.

కళ్ళ గురించి ఒక్క మాట. పసుపు రంగును పెంచితే అందులోని ఎరుపు ఛానల్ ముందుగా నిండిపోతుంది. కనుపాప చుట్టూ ఉండే ముదురు వలయం, లోపలికి పోయే సన్నని ఛాయలు మాసిపోయి ఒకే పసుపు పూత మిగులుతుంది. మీ ఫొటోలో జరిగినది అదే. కంటికి పావు స్టాపు వెలుతురు చాలు, రంగును అసలు ముట్టుకోకండి. కంట్లో మెరుపు చుక్క లేకపోతే బ్రష్‌తో పెట్టకండి. చుక్క లేని కన్ను ఆకాశం చీకటి పడిందని చెబుతుంది, అది అబద్ధం కాదు. సెన్సర్ మీది దుమ్ము మచ్చ తీయవచ్చు. ముఖానికి అడ్డంగా వచ్చిన పుల్లను కృత్రిమంగా చెరిపి ఆ చోట కొత్త ఈకలు పుట్టించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఆ పుల్లను మరునాడు ఒక అడుగు పక్కకు జరిగి తప్పించవచ్చు. తప్పనిసరై ఏదైనా తీసివేస్తే ఫొటో కింద ఆ సంగతి రాయండి.

చివరిగా, పొడవు వైపు 2048 పిక్సెళ్ళు, ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు సాధారణంగా వాడే రంగుల పద్ధతి) రంగులతో ఎగుమతి చేసి, ఇతరులకు పంపేముందు ఫోనులో ఒకసారి గది చీకటిలో, ఒకసారి బయటి ఎండలో చూసుకోండి. ఎగుమతి చేసేటప్పుడు లొకేషన్ సమాచారం తీసివేసే గడిలో తప్పక టిక్ పెట్టండి. మీరు పంపిన రెండు ఫొటోల్లో క్వారీ ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అలాగే ఉంది. మన ఊళ్ళలో ఇంటి మీద గుడ్లగూబ వాలితే అపశకునమని రాళ్ళు రువ్వేవారు ఇప్పటికీ ఉన్నారు. దీపావళి ముందు రోజుల్లో క్షుద్రపూజల కోసం వాటిని పట్టి అమ్మేవారూ ఉన్నారు. మన దేశంలో గుడ్లగూబల అక్రమ వ్యాపారం మీద వన్యప్రాణుల వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లోనే ఒక నివేదిక వెలువరించింది. అందువలన ఫొటో కింద ఊరి పేరు, క్వారీ పేరు రాయకండి, జిల్లా పేరు చాలు. గుర్తుపట్టగలిగే గుడి గోపురమో, సెల్ టవరో నేపథ్యంలో ఉంటే క్రాప్ చేయండి. నాకు పంపిన ఫైళ్ళను నేను తొలగించాను. మీరు వేరే చోట్ల పెట్టిన ప్రతులు ఏవైనా ఉంటే ఈ రోజే తీసివేసి, లొకేషన్ లేకుండా మళ్ళీ పెట్టండి.